రాత్రి కాలేజీ నుంచి ధర్మాసనానికి



అమెరికా సుప్రీంకోర్టు అనగానే మనకు వాషింగ్టన్‌లో కూర్చునే తొమ్మిదిమంది న్యాయమూర్తులే గుర్తుకొస్తారు. వాళ్ళ పేర్లు మన పత్రికల్లోనూ వస్తుంటాయి. కాని ఆ దేశంలో 50 రాష్ట్రాలున్నాయి, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం ఉంది. హత్య కేసు, విడాకులు, అద్దె తగాదా, కారు ప్రమాదం, ఆస్తి పంపకం - సామాన్యుణ్ణి కోర్టు మెట్లెక్కించే వ్యవహారాల్లో ఎక్కువ భాగం రాష్ట్ర చట్టాల కిందికే వస్తాయి. రాష్ట్ర చట్టానికి అర్థం ఏమిటో చెప్పడంలో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుదే ఆఖరి మాట. అంటే అమెరికాలో ఒక మనిషి బతుకు బాగుపడినా చితికిపోయినా, అది చాలాసార్లు మనం పేరైనా వినని న్యాయమూర్తుల కలం మీద ఆధారపడి ఉంటుంది.

అలాంటి ఒక న్యాయమూర్తి ఆ పీఠం దాకా ఎలా వచ్చారో, వచ్చాక ఏం చేశారో ఈరోజు మీకు చెప్పాలనుకుంటున్నాను. ఆమె పేరు రోజలీ వాల్. మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టుకు మొట్టమొదటి మహిళా న్యాయమూర్తి.

రోజలీ 1924లో కాన్సస్ రాష్ట్రంలో పుట్టారు. మూడేళ్ళ వయసులో తల్లి పోయింది. బర్చ్ క్రీక్ అనే పల్లెలో అమ్మమ్మ, తాతల దగ్గర, పొలం పనుల మధ్య పెరిగారు. ఆమె ఇంకా చిన్నపిల్లగా ఉండగానే రైలు గేటు దగ్గర జరిగిన ప్రమాదంలో తాత, తమ్ముడు ఇద్దరూ చనిపోయారు. ఆ తర్వాత ఆ ఇంటిని నెట్టుకొచ్చింది అమ్మమ్మే. అవి అమెరికాను మహామాంద్యం పీడిస్తున్న రోజులు. యుద్ధకాలంలో రోజలీ కాన్సస్ విశ్వవిద్యాలయంలో చేరి, 1946లో సామాజికశాస్త్రంలో పట్టా తీసుకున్నారు. నల్లజాతి అమ్మాయిలు, తెల్లజాతి అమ్మాయిలు ఒకే కప్పు కింద ఉండటం వింతగా చూసే రోజుల్లో, అందరూ కలిసి ఉండే వసతిగృహం ఏర్పాటుకు పూనుకున్న విద్యార్థినుల్లో ఆమె ఒకరు. పెళ్ళయ్యాక 1949లో భర్తతో మిన్నెసోటా వచ్చారు. లేక్ ఎల్మో అనే చిన్న ఊళ్ళో కాపురం, ఒకరి తర్వాత ఒకరుగా పిల్లలు.

అప్పటికి లాయరు కావాలన్న ఆలోచన ఆమెకు లేదు. ఆమె కోరిందల్లా తమ వాషింగ్టన్ కౌంటీకి ఒక గ్రంథాలయం. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. మరికొందరు ఆడవాళ్ళతో కలిసి ఇల్లిల్లూ తిరిగి మద్దతు కూడగట్టి, కౌంటీ బోర్డుకు అర్జీ పెట్టారు. బోర్డు సభ్యులంతా మగవాళ్ళు. వాళ్ళు లోపల తలుపు వేసుకుని చర్చిస్తుంటే ఈ ఆడవాళ్ళు బయట బెంచీల మీద కూర్చుని ఎదురు చూసేవారు. తలుపు బయట కూర్చుని, లోపలి మగవాళ్ళు ఏం తేలుస్తారో అని కాచుకుని ఉండటం విసుగెత్తిపోయిందని ఆమె తర్వాత చాలా సభల్లో చెప్పారు. గ్రంథాలయం వచ్చింది. చాలా ఏళ్ళ తర్వాత లేక్ ఎల్మో గ్రంథాలయానికి ఆమె పేరే పెట్టారు. కాని ఆ బెంచీ మీద గడిపిన గంటలే ఆమెను లా చదువు వైపు మళ్ళించాయి.

1962లో, 38 ఏళ్ళ వయసులో, నలుగురు పిల్లల తల్లి సెయింట్ పాల్ నగరంలోని విలియం మిచెల్ లా కాలేజీలో చేరింది. అది రాత్రి కాలేజీ. పగలు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు సాయంత్రాలు వచ్చి, నాలుగేళ్ళో అంతకంటే ఎక్కువో చదివి లాయర్లయ్యే చోటు. అమెరికా ప్రధాన న్యాయమూర్తిగా పని చేసిన వారెన్ బర్గర్ కూడా పగలు ఇన్సూరెన్సు అమ్ముకుంటూ రాత్రిళ్ళు చదువుకున్నది దీని పూర్వ సంస్థలోనే. తరగతిలో ఆడవాళ్ళు ఒకరో ఇద్దరో ఉండే కాలం అది. రోజలీకి పగలంతా ఇంటిపని, పిల్లల పని. వంట ముగించి, పిల్లల్ని సర్ది, కారులో క్లాసుకు వెళ్ళాలి. ఈ చదువు నడుస్తుండగానే ఐదో బిడ్డ పుట్టింది. చదువు మాత్రం ఆగలేదు. 1967లో పట్టా చేతికొచ్చింది. అప్పటికి ఆమెకు 43వ ఏడు నడుస్తోంది.

మన దగ్గరైనా, అక్కడైనా, ఆ రోజుల్లో ఆ వయసులో నల్లకోటు తొడుక్కున్న ఆడమనిషికి పెద్ద ప్రైవేటు ఆఫీసుల్లో కుర్చీ దొరకడం కష్టం. ఆమెకు దొరికింది రాష్ట్ర పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులో పని. ఆ ఆఫీసు అప్పటికి పెట్టి రెండేళ్ళే అయింది. దాని వెనక ఒక చరిత్ర ఉంది. లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని అమెరికా సుప్రీంకోర్టు 1963లో గిడియన్ కేసులో తీర్పు చెప్పింది. ఆ కేసులో ముద్దాయికి ఎదురుపక్షంగా ఉన్న ఫ్లోరిడా రాష్ట్రం తనకు మద్దతు ఇమ్మని మిగతా రాష్ట్రాలను అడిగింది. మిన్నెసోటా అటార్నీ జనరల్‌గా ఉన్న వాల్టర్ మాండేల్, తర్వాత ఉపాధ్యక్షుడైన ఆయనే, అందుకు ఒప్పుకోకపోగా, 20కి పైగా రాష్ట్రాలను కూడగట్టి పేద ముద్దాయి పక్షాన నిలబడ్డాడు. ఆ తీర్పు ఫలితంగా పుట్టిన ఆఫీసుల్లో ఇదీ ఒకటి.

ఇక్కడ కాస్త ఆగి ఆ పని ఎలాంటిదో చెప్పాలి, ఎందుకంటే రోజలీ వాల్ న్యాయమూర్తిగా తయారైంది అక్కడే అని నా నమ్మకం. శిక్ష పడి జైల్లో ఉన్న మనిషి తరఫున అప్పీలు రాసే లాయరు సాక్షుల్ని చూడడు, జ్యూరీ ముఖం చూడడు. అతని చేతికి వచ్చేది విచారణలో పలికిన ప్రతి మాటా టైపు కొట్టిన కాగితాల కట్ట. వందల పుటలు. అందులో వెతకాలి. పోలీసులు నేరం ఒప్పించే ముందు, నీకు మౌనంగా ఉండే హక్కుంది అని అతనికి చెప్పారా? ఇల్లు సోదా చేయడానికి వారంటు ఉందా? జ్యూరీకి చట్టం వివరించేటప్పుడు జడ్జి ఎక్కడైనా తప్పు చెప్పాడా? ముద్దాయి లాయరు అభ్యంతరం చెప్పాల్సిన చోట నోరు విప్పాడా? ఆ వెతుకులాటలో ఒక వాక్యం దొరికితే దాని మీద వాదన కట్టాలి. దొరకకపోతే జైలుకు వెళ్ళి, ఆ మనిషి ఎదురుగా కూర్చుని, ఆ మాట అతనికి చెప్పాలి. తర్వాత సుప్రీంకోర్టులో నిలబడితే దొరికేవి కొద్ది నిమిషాలు. ఆ కాసేపట్లోనే జడ్జీలు మధ్యలో ఆపి ప్రశ్నలు వేస్తారు. రోజలీ మిన్నెసోటా సుప్రీంకోర్టులో వందకు పైగా కేసులు ఇలా వాదించారు. ఎదుట కూర్చున్న న్యాయమూర్తులందరూ మగవాళ్ళే. ఆ కోర్టు 1858 నుంచీ ఉంది. అప్పటిదాకా ఒక్క స్త్రీ కూడా అక్కడ కూర్చోలేదు.

1973లో తాను చదివిన కాలేజీకే పాఠాలు చెప్పడానికి వెళ్ళారు. విద్యార్థులు పర్యవేక్షకుల కింద నిజమైన పేద కక్షిదారుల కేసులు నడిపే విభాగాన్ని అక్కడ నిలబెట్టినవారిలో ఆమె ఒకరు. పుస్తకంలో చదివిన చట్టం, ఎదుట కూర్చున్న మనిషికి ఎలా తగులుతుందో చూడకుండా లాయరు కాకూడదని ఆమె పట్టుదల. తర్వాత అమెరికన్ బార్ అసోసియేషన్ న్యాయవిద్యా విభాగానికి అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు కూడా ఇదే మాట మీద పని చేశారు.

ఇక నియామకం. 1976 చివర రూడీ పెర్పిచ్ మిన్నెసోటా గవర్నరు అయ్యాడు. అక్కడి గవర్నరు మన రాజ్‌భవన్ గవర్నరు లాంటివాడు కాదు. ప్రభుత్వాన్ని నడిపేవాడు, మన ముఖ్యమంత్రితో సమానం. పెర్పిచ్ ఇనుప గనుల ప్రాంతం నుంచి వచ్చినవాడు, గని కార్మికుడి కొడుకు, వృత్తికి దంతవైద్యుడు. సుప్రీంకోర్టులో ఖాళీ వస్తే మహిళను వేస్తానని మాట ఇచ్చాడు. 1977 జూన్‌లో సెయింట్ క్లౌడ్ పట్టణంలో రాష్ట్ర మహిళల మహాసభ జరిగింది. వేలమంది వచ్చారు. ఆ సభలోనే గవర్నరు నియామకం రోజలీ వాల్‌కు దక్కిందని ప్రకటన వెలువడింది. అంతకుముందు ఆమె కింది కోర్టులో జడ్జిగా ఒక్క రోజు కూడా పని చేయలేదు. మిన్నెసోటా రాజ్యాంగం అడిగేది న్యాయశాస్త్రం తెలిసి ఉండాలని మాత్రమే.

మన హైకోర్టు న్యాయమూర్తి నియామకంతో పోల్చితే తేడా తెలుస్తుంది. ఇక్కడ పదేళ్ళ ప్రాక్టీసో, న్యాయాధికారిగా పదేళ్ళ అనుభవమో ఉండాలి. కొలీజియం సిఫారసు, రాష్ట్రపతి ఉత్తర్వు. 62 ఏళ్ళు నిండేదాకా పదవి. ప్రజల ముందుకు వెళ్ళి ఓటు అడిగే పని లేదు. మిన్నెసోటాలో గవర్నరు వేసిన జడ్జి కూడా ఏడాది గడిచాక వచ్చే ఎన్నికలో ప్రజల దగ్గరికి వెళ్ళాలి. గెలిస్తే ఆరేళ్ళు. 70 ఏళ్ళకు తప్పనిసరి విరమణ. పార్టీ గుర్తులుండవు, కాని పోటీ ఉంటుంది.

1978లో ఆమెకు గట్టి పోటీయే వచ్చింది. ఆమె స్థానానికి ముగ్గురు మగవాళ్ళు నిలబడ్డారు, వాళ్ళలో ఒకరు రాష్ట్ర మాజీ అటార్నీ జనరల్. మిగతా న్యాయమూర్తుల మీద అంత గుంపు దిగలేదు. నేరస్థుల పక్షాన వాదించిన ఆవిడ, నేరస్థుల మీద మెతకగా ఉంటుంది - ఇదీ ప్రచారం. పేదల తరఫున చేసిన పనినే మచ్చగా చూపించారు. రాష్ట్రం నలుమూలలా ఆడవాళ్ళు ఊరూరా తిరిగి ఆమెకు అండగా నిలిచారు. ఆమె గెలిచారు. 1978లోనే మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు మొదటి మహిళా న్యాయమూర్తిగా జస్టిస్ అమరేశ్వరి వచ్చారు. వాషింగ్టన్‌లోని అమెరికా సుప్రీంకోర్టులో మొదటి మహిళగా శాండ్రా డే ఓకానర్ కూర్చోవడానికి ఇంకా మూడేళ్ళుంది.

ఎన్నిక ఎంత కరుకైన పరీక్షో చెప్పడానికి ఇంకొక పేరు తలుచుకోవాలి. 1977లోనే కాలిఫోర్నియాలో రోజ్ బర్డ్ ఆ రాష్ట్ర సుప్రీంకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆమె కూడా మొదటి మహిళే, ఆమె కూడా పబ్లిక్ డిఫెండర్‌గా పని చేసినవారే, ఆమె కూడా విద్యార్థులకు పాఠాలు చెప్పినవారే. తన ముందుకు వచ్చిన ప్రతి మరణశిక్షనూ ఆమె కొట్టేయాలన్నారు. దాని మీదే ఉద్యమం లేచి, 1986 నవంబరు ఎన్నికలో ఆమెతో పాటు మరో ఇద్దరు న్యాయమూర్తులను ఓటర్లు ఇంటికి పంపారు. ఒక తీర్పు రాస్తున్నప్పుడు రాబోయే ఎన్నిక గుర్తుకు రాకుండా ఉండాలంటే ఎంత గుండె నిబ్బరం కావాలో ఆలోచించండి. జడ్జీలను ఓటుతో తేల్చడం నాకు సమ్మతం కాదు. కాని ఆ ఎన్నికే ఒక్కోసారి మూసిన తలుపు తెరిచిందనీ చెప్పాలి. మిన్నెసోటా సుప్రీంకోర్టుకు మొదటి నల్లజాతి న్యాయమూర్తి ఆలన్ పేజ్, ఒకప్పటి ప్రఖ్యాత అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, ఆడుతూనే లా చదివినవాడు. 1992లో ఆయన వచ్చింది గవర్నరు నియామకంతో కాదు, ప్రజల ఓటుతో. ఆ ఎన్నిక జరిపించడానికే ఆయన ముందు కోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది.

రోజలీ వాల్ రాసిన తీర్పుల్లో ఒక్కదాని గురించి వివరంగా చెబుతాను. 1991 డిసెంబరులో వచ్చిన రసెల్ కేసు. అప్పటి మిన్నెసోటా చట్టం ప్రకారం క్రాక్ కొకైన్ 3 గ్రాములు దగ్గర దొరికితే 20 ఏళ్ళ దాకా జైలు వేయవచ్చు. అదే కొకైన్ పొడి రూపంలో ఉంటే, 10 గ్రాముల లోపైతే, 5 ఏళ్ళకు మించదు. మూడు గ్రాములంటే చిటికెడు. క్రాక్ అనేది వేరే మందు కాదు. పొడి కొకైన్‌నే నీళ్ళు, వంటసోడా కలిపి వేడి చేసి గడ్డ కట్టిస్తే అది క్రాక్. మరి శిక్షలో ఇంత తేడా ఎందుకు?

ముద్దాయిలు ఐదుగురూ నల్లజాతివారు. కింది కోర్టులో జడ్జి పమేలా అలెగ్జాండర్ ఈ చట్టం చెల్లదన్నారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వచ్చింది. అక్కడ బయటపడ్డ లెక్క ఇది: 1988లో క్రాక్ కేసుల్లో చిక్కినవారిలో 96.6 శాతం నల్లజాతివారు. పొడి కేసుల్లో 79.6 శాతం తెల్లవారు. చట్టంలో రంగు మాట ఎక్కడా లేదు. అయినా అది ఎవరి మీద పడుతోందో అంకెలు చెబుతున్నాయి. మూడు గ్రాములుంటే వీధి వ్యాపారి అనీ, పొడి విషయంలో పది గ్రాములుంటేనే వ్యాపారి అనీ శాసనసభ ఎలా తేల్చింది? పోలీసుల అనుభవం అంటూ ఒక ప్రాసిక్యూటరు విని చెప్పిన సాక్ష్యం తప్ప గట్టి ఆధారం లేదు. జస్టిస్ వాల్ రాసిన తీర్పు సారాంశం ఇది: ఒక వర్గాన్ని ఇంత కఠినంగా శిక్షించాలంటే ఊహ చాలదు, అసలైన ఆధారం కావాలి, అది లేదు కనుక ఈ తేడా మిన్నెసోటా రాజ్యాంగం ఇచ్చే సమానత్వ హక్కుకు విరుద్ధం. ఆమె ఆధారపడింది అమెరికా రాజ్యాంగం మీద కాదు, తమ రాష్ట్ర రాజ్యాంగం మీద. కేంద్ర చట్టంలో అప్పుడు క్రాక్ 5 గ్రాములకూ, పొడి 500 గ్రాములకూ శిక్ష ఒకటే. అంటే ఒకటికి వంద. ఆ నిష్పత్తిని కాంగ్రెస్ 18కి తగ్గించింది 2010లో. మిన్నెసోటా కోర్టు ఆ ప్రశ్న 19 ఏళ్ళ ముందే అడిగింది.

తీర్పు తర్వాత శాసనసభ ఏం చేసిందో కూడా దాచకుండా చెప్పాలి. తేడా పోవాలన్నారు కదా అని, క్రాక్ శిక్ష తగ్గించలేదు. పొడి శిక్షను పెంచి సమానం చేసింది. న్యాయమూర్తి చేతిలో ఉన్నది అంతవరకే. అన్యాయమైన తేడాను కొట్టేయగలరు, కొత్త చట్టాన్ని రాయలేరు.

ఆ కేసులో భిన్నాభిప్రాయం రాసింది జస్టిస్ జీన్ కోయిన్, ఆమె కూడా మహిళే. తెలివైన వృద్ధుడూ, తెలివైన వృద్ధురాలూ చివరికి ఒకే తీర్పు చెబుతారని కోయిన్ అన్న మాట అమెరికాలో చాలామంది ఎత్తి చెబుతుంటారు. 1991 నాటికి మిన్నెసోటా సుప్రీంకోర్టులోని ఏడుగురిలో నలుగురు మహిళలు. ఆ దేశంలో అలాంటి కోర్టు అదే మొదటిది. ఆ నలుగురూ ఒకే గొంతుతో మాట్లాడలేదని రసెల్ కేసే రుజువు చేస్తోంది. అందుకే నేను రోజలీ వాల్ తీర్పుకు కారణం ఆమె స్త్రీ కావడం అని చెప్పను. జైల్లో ఉన్నవాళ్ళ కాగితాలు ఏళ్ళ తరబడి చదివిన కళ్ళు అవి. చట్టంలో మూడు గ్రాములు అన్న మాట దగ్గర ఆ కళ్ళు ఆగాయి. మంచి లాయర్ల ఆఫీసుల్లో, పెద్ద కంపెనీల కేసుల్లో జీవితం గడిపిన న్యాయమూర్తి కూడా నిజాయితీపరుడే కావచ్చు. కాని ప్రతి న్యాయమూర్తీ ఆ దారినే వస్తే, ఆ కోర్టుకు సగం లోకం కనబడదు.

కోర్టుల్లో ఆడవాళ్ళకు ఎదురయ్యే వివక్ష మీద, జాతి వివక్ష మీద మిన్నెసోటా సుప్రీంకోర్టు వేసిన రెండు విచారణ సంఘాలకూ ఆమే నాయకత్వం వహించారు. ఊరూరా తిరిగి, భర్త చేత దెబ్బలు తిన్నవాళ్ళు కోర్టులో ఎలాంటి మాటలు పడ్డారో విన్నారు. 1994లో 70 ఏళ్ళు నిండగానే పదవీ విరమణ చేశారు. 2013 జూలైలో 88 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

శ్రోతల్లో చాలామందికి అమెరికాలో అన్నదమ్ములో, పిల్లలో ఉంటారు. పౌరసత్వం వచ్చి ఓటు వేస్తున్నవాళ్ళూ ఉంటారు. న్యూజెర్సీలో ఉంటే వాళ్ళకు ఈ ఓటు లేదు. అక్కడ గవర్నరు పేరు చెబితే రాష్ట్ర సెనేట్ ఆమోదిస్తుంది. టెక్సాస్‌లో ఉంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తులు పార్టీ పేరుతోనే పోటీ చేస్తారు. కాలిఫోర్నియాలో ఒక్కో న్యాయమూర్తి పేరు రాసి, కొనసాగించాలా వద్దా అని అడుగుతారు. ఈ పేర్లు తరచు బ్యాలెట్ అడుగున ఉంటాయి. అధ్యక్షుడికీ సెనేటరుకూ ఓటు వేసి, అక్కడికి వచ్చేసరికి ఖాళీగా వదిలేసేవాళ్ళు చాలామంది. మీ వాళ్ళతో ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు ఒక్క మాట చెప్పండి. ఆ పేర్ల దగ్గర ఆగమనండి. ఆ మనిషి జడ్జి కాకముందు ఏం పని చేశారో, ఎవరి తరఫున నిలబడ్డారో చూడమనండి. పార్టీని చూసి కాక, ఆ పనిని చూసి ఓటు వేయమనండి.